ఏ ఆట ఎక్కడ తింటుందో

మా చిన్నాయన పోయాడు. శుక్రవారం సాయంత్రం బడి జవాను సైకిలు దిగి, గుమ్మం ముందు నిలబడి, చెప్పలేక చెప్పాడు. పిల్లల చేత డ్రిల్లు చేయించి, వరండా మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయాడట. ఆదివారం మా ఇంటికి భోజనానికి రావలసిన మనిషి. నన్ను మద్రాసుకు, ఆటల టీచర్ల శిక్షణకు పంపే సంగతి ఆ రోజు మా నాయనతో తేల్చేస్తానని నాకు మాట ఇచ్చి ఉన్నాడు.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పాడె లేచినప్పుడు అమ్మా, చిన్నమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను అరుగు మీద నిలబడి మోసేవాళ్ల కాళ్లు చూస్తున్నాను. నలుగురూ ఆయన దగ్గర ఆట నేర్చినవాళ్లే. ముందున్నవాళ్లలో ఒకడు కుస్తీ పడతాడు, పాదం మొత్తం నేలకు ఆనించి నడుస్తాడు. పక్కవాడు పరుగు పందెగాడు, మడమ ఆనదు. వెనక ఇద్దరూ చెడుగుడు వాళ్లు, మోకాళ్లు ఎప్పుడూ కాస్త వంగే ఉంటాయి. నలుగురి అడుగులూ కలవక పాడె వీధి మలుపు దాకా ఊగుతూనే పోయింది. ఇలా చూడడం నేర్పింది ఆయనే. ఆ పూట నాకు అదొక్కటే చేతనయింది.

చిన్నాయన మనిషిని కింది నుంచి చదివేవాడు. బస్సులో ఎదురుగా ఎవరు కూర్చున్నా ముందు పాదాలు, పిక్కలు, తర్వాత భుజాలు. ముఖం ఆఖరున. ఒకసారి ఓర్వకల్లు బస్సులో ఒకాయన్ని అలా చూసి చూసి, "మగ్గం నేస్తావా అప్పా?" అని అడిగేశాడు.

"అవును సామీ. ఎట్ల కనుక్కుంటివి?"

"గుంటలో కూర్చోని తొక్కే పిక్క వేరే ఉంటాదిలే. సైకిలు పందేనికి వస్తావా?"

ఆయన నవ్వుతూనే దిగిపోయాడు గానీ చిన్నాయన నిజంగానే అడిగాడు.

"ప్రతి ఆటా మనిషిని తింటాది పాపా. యాడ తింటాదో తెలుసుకొని ఆడల్ల" అనేవాడు. చెడుగుడు ఊపిరినీ మోకాళ్లనూ తింటుంది. కుస్తీ మెడనూ చెవులనూ. వాలీబాలు వేళ్లనూ భుజం కీలునూ. ఎత్తు దూకేవాడికి ఒక్క కాలే అరిగిపోతుంది. ఆయన్ని ఫుట్‌బాలు కుడి మోకాలిలో తిన్నది. మబ్బు పట్టిందంటే ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టుకొని, "ఈ పొద్దు వాన ఉండాది" అని ప్రకటించేవాడు. మా సీమలో ఆ మోకాలి మాట నిజమైన రోజులు తక్కువే.

అన్నిట్లోకీ ఏది కష్టం సార్ అని పిల్లలు అడిగితే చిరాకు పడేవాడు. "ఏనుగు గొప్పదా, జింక గొప్పదా అంటే ఏం చెప్పేదిరా? దప్పికయితే రెండూ వంగల్ల." ఒక్క చదరంగాన్ని మాత్రం చాలాకాలం ఆట కింద లెక్కవేయలేదు. రాయచోటిలో పోటీలు చూసి వచ్చిన రోజున చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు: "నీడలో కూర్చున్నోళ్ల చొక్కాలు తడిసిపోయినాయి పాపా. ఇన్నాళ్లూ తప్పు చెప్తాంటి."

కర్నూలుకు రాజధాని వచ్చి, ఊళ్లో సర్కారు గుడారాలు వెలిసిన రోజుల్లో నేనింకా పావడా కట్టేదాన్ని. తాలింఖానాలో కుస్తీలు నేర్పే వస్తాదు చిన్నాయనకు ప్రాణస్నేహితుడు. ఓ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "పరుగుదేముండాది సారూ, కుక్క గూడా ఉరుకుతాది. దాంట్లో బలమేది?" అన్నాడు. చిన్నాయన వాదించలేదు. మర్నాడు బడి మైదానంలో ఒకరి ఆట ఇంకొకరి చేత ఆడించాడు. గుడారాల గుమాస్తాలు కూడా చూడడానికి వచ్చారు.

పరుగు పందెగాడు కుస్తీ మట్టిలో రెప్పపాటులో వెల్లకిలా పడ్డాడు. చెడుగుడు ఆటగాడు రాతిగుండును మోకాలి దాకా ఎత్తి మర్యాదగా దించేశాడు. వస్తాదు మైదానం సగం చుట్టి, నడుము పట్టుకుని నిలబడిపోయాడు. "గాలి చాలకుండాది సారూ! ఊర్లో గాలంతా యాడికి పాయె?"

అప్పుడు చిన్నాయన నన్ను పిలిచి, సున్నంతో తొక్కుడుబిళ్ల గళ్లు గీయించాడు. నేను ఒంటికాలి మీద గెంతి, వంగి బిళ్ల తీసుకుని తిరిగి వచ్చాను.

"ఇంక నువ్వు రా వస్తాదూ."

కొండలాంటి ఆ మనిషి లుంగీ ఎగగట్టి రెండు గళ్లు గెంతాడు. బిళ్ల కోసం వంగాడు. అంతే, కూలబడ్డాడు.

"అరె, ఈ పాప నన్ను పడగొట్టె! తాలింఖానాలో చెప్పొద్దు సారూ!"

"పాప కాదప్పా, నీ చీలమండే పడగొట్టె. దానికి నువ్వెప్పుడన్నా పని చెప్పింటివా?"

జనమంతా నవ్వుతుంటే నేను నా చీలమండ వైపు చూసుకున్నాను. నాకు ఈ చదువే కావాలని ఆ రోజే అనిపించింది.

ఈ ఏడు డిగ్రీ అయిపోయింది. నాయన కోర్టులో గుమాస్తా. "లెక్కలు చెప్పనీ, తెలుగు చెప్పనీ, వద్దనను. ఆడపిల్ల నలుగుర్లో ఈల ఊదేదేంది?" అన్నాడు.

"అన్నా, మా వదిన ఈ బాయిలో చేదిన నీళ్లకు బహుమతులిచ్చింటే ఇంట్లో కప్పులు పెట్టేదానికి జాగా ఉండేది కాదు" అన్నాడు చిన్నాయన.

వంటింట్లోంచి అమ్మ అంది: "ముందు ఆ చేంతాడు మార్పించండి. కప్పుల సంగతి తర్వాత."

నాయన నవ్వలేదు. ఆదివారం చూద్దామన్నాడు.

ఆ ఆదివారం మేమంతా మైల దుప్పట్ల మీద కూర్చుని ఉన్నాం. తర్వాత కర్మలూ అయ్యాయి. మద్రాసు మాట ఎవరూ ఎత్తలేదు. నాకూ ఎత్తాలనిపించలేదు. ఆశ, కోపం, రెండూ ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టుంది.

నిన్న తెల్లవారగానే బడి మైదానానికి నడిచాను. నాయన వెనకే వస్తున్నాడని సగం దారిలో తెలిసింది. పరుగు మొదలుపెట్టే సున్నపు గీత దగ్గర చెప్పులు వదిలి, కుచ్చెళ్లు ఎగదోపి పరుగెత్తడం మొదలుపెట్టాను. ఒంట్లో ఎక్కడా ఏమీ తెలియలేదు. కాళ్లు మాత్రం పోతున్నాయి. అవతలి మూలకు చేరేసరికి, వీధికుక్క ఒకటి నా చెప్పు కరచుకోబోతే నాయన అదిలిస్తున్నాడు.

దగ్గరికి వచ్చినప్పుడు, "మద్రాసులో నీళ్లు ఉప్పగా ఉంటాయంట" అన్నాడు, నాతోనో తనలో తానో.

నేను ఆగలేదు. మళ్లీ తిరిగి వచ్చేసరికి పొద్దు ఎక్కింది. పంచె అంచుకు ఎర్రమట్టి అంటుకుని, నాయన గీత దగ్గర అలాగే నిలబడి ఉన్నాడు, నా చెప్పులు చెరో చేతిలో పట్టుకుని.