కత్తిపీటకి పళ్లుంటాయేటి?

పన్నెండడుగుల కొండచిలువని కంటిచూపుతో లొంగదీశానని గజపతినగరంలో మా వీధంతా చెప్పుకున్నాను. అచ్చులో అబద్ధమెందుకు? దాని పొడవు నాలుగడుగులే.

అది మా మనవరాలు శిరీష పెంచుకుంటున్న విదేశీ పాము. విషం లేదు గానీ కోపం ఉంది. ఎవరు చెయ్యి పెట్టినా బుసకొట్టి మీదికొచ్చేది. "ఇంకొకరిని కరిసిందంటే ఇంట్లో ఉంచను" అని మా అబ్బాయి తేల్చేశాడు. ఆ రోజంతా శిరీష అన్నం ముట్టలేదు.

కిందటేడాది ఓ ఆదివారం నేను కోడిమాంసం కోస్తుంటే, "తాతా, దాని గిన్నెలో నీళ్లు పొయ్యవా" అని చెప్పి శిరీష స్నానానికెళ్లింది. చెయ్యి లుంగీకి తుడుచుకుని పాము పెట్టెలో పెట్టాను. పాము వేలు కరిచి వదిలింది. అరిస్తే అబ్బాయి వస్తాడని నోరు మూసుకున్నాను.

మా ఆవిడ నెత్తురు చూసింది. "ఏటైంది?"

"కత్తిపీటకి తెగిందే."

వేలి మీద వరుసగా ఉన్న గాట్లు చూసి, "కత్తిపీటకి పళ్లుంటాయేటి? కోడి వాసనేసే సెయ్యి నోటికాడ పెడితే ఊరుకుంటాదా? సబ్బెట్టి కడుక్కో" అంది.

కడుక్కున్నాక నా మణికట్టు పట్టుకుని తనే పెట్టెలోకి తోసింది. పాము నాలుక ఆడించి, మెల్లగా నా చేతిమీదికి పాకింది. సరిగ్గా అప్పుడే అబ్బాయి వచ్చాడు.

"నాన్నా, పాము నీ మాట ఇంటన్నాదేటి!"

"కంటిచూపురా" అన్నాను. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాము మా ఇంట్లోనే ఉంది. ఎవరైనా నా మీదికొస్తే మాత్రం, ముందు నా చెయ్యి వాసన చూసుకుంటున్నాను.