గేటు కంప్యూటర్‌లో పది నిమిషాలు

నేను పనిచేసిన కంపెనీలో ఒక అమ్మాయి ఉద్యోగం మీదికి వచ్చిన విచారణ ఒకటి జరిగింది. ఆ ఫైలును చివరికి "సాంకేతిక లోపం" అన్న రెండు మాటలతో మూసేశారు. ఆ లోపం కింద నా సంతకం ఉన్న సంగతి ఫైలులో ఒక్క మెమో కాగితానికే పరిమితమైంది. ఆ కాగితం ఎవరూ చదవరు. అందుకే ఇది రాస్తున్నాను.

కొవిడ్ తర్వాత ఆఫీసులు మళ్ళీ నిండుతున్న ఏడాది అది. హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలో నేను సీనియర్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. సర్వర్లు, వాటి గడియారాలు, బ్యాకప్‌లు నా విభాగం కిందికి వచ్చేవి. నాకు ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. బీకాం చదివి, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని, ఇంటికి ఇవ్వని పుస్తకాలను నోట్సు రాసుకుంటూ ఈ విద్య నేర్చుకున్నాను. ఆ నోట్సు పద్నాలుగు పుస్తకాలైంది. ఈ సంగతి ఇంటర్వ్యూలో గర్వంగానే చెప్పాను.

మా రెండో అంతస్తులో ఒక విదేశీ క్లయింటుకు ప్రత్యేకించిన గది ఉండేది. కార్డు చూపితేనే తలుపు తెరుచుకునేది, ఫోన్లు బయట లాకరులో పెట్టి వెళ్ళాలి. లోపలి కంప్యూటర్లన్నిటికీ ఒకే లాగిన్. ఒక మంగళవారం ఉదయం 11:14కి ఆ గది నుంచి ఎవరో క్లయింటు ఫోల్డరు ఒకటి చెరిపేశారని సర్వర్ చెప్పింది. తలుపు రికార్డు చూస్తే 11:08కి లోపలికి, 11:19కి బయటికి వెళ్ళినట్టు ఒక్క కార్డే ఉంది. అది స్రవంతిది. ప్రొద్దుటూరు అమ్మాయి. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. గురువారం మూడు గంటలకు విచారణ అన్నారు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు అలాంటి విచారణ చాలావరకు వీడ్కోలుతోనే ముగిసేది.

గురువారం ఉదయం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి ఫోన్ చూపించింది. మంగళవారం 11:11కి వాళ్ళన్నతో మూడు నిమిషాలు మాట్లాడినట్టు ఉంది.

"ఫోన్ లాకర్లో ఉంటే ఎట్ల మాట్లాడతాను సార్? అప్పటికే నేను బయటికొచ్చేసినాను. హెచ్‌ఆర్ మేడమ్ ఏమో ఫోన్ టైమ్ ఎవరైనా మార్చుకోవచ్చు అంటోంది."

ఫోన్ తన సమయాన్ని నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది. మా సర్వర్లు ఒక టైమ్ సర్వర్‌ను అడిగి సరిచేసుకుంటాయి. ఇక మిగిలింది తలుపుల గడియారం. తలుపులన్నీ కింద సెక్యూరిటీ బల్ల మీది గేటు కంప్యూటర్ సమయాన్నే రాసుకుంటాయి. పరుగున కిందికి వెళ్ళాను. నా వాచీ కంటే అది ముందుంది.

సమయం ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నావని ఆ యంత్రాన్ని అడిగే ఆదేశం ఒకటి ఉంది. సొంత గడియారం నుంచే అని జవాబు వచ్చింది. టైమ్ సర్వర్‌తో సరిచేసుకోమంటే సమాచారం అందలేదంది. కంప్యూటర్లు సమయం అడగడానికి 123 నంబరు పోర్టు వాడతాయి. నెల క్రితం గేటు యంత్రాలను వేరే నెట్‌వర్క్‌లోకి మార్చినప్పుడు రాకపోకలను కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఆ దారి తెరవడం మరిచారు. నెట్‌వర్క్ ఇంజనీరు ఇంతియాజ్‌కు ఫోన్ చేస్తే వెంటనే తెరిచాడు. ఆదేశం మళ్ళీ ఇచ్చాను. గడియారం ఒక్కసారిగా వెనక్కి జరిగి సరిపోయింది.

ఆ తృప్తి హెచ్‌ఆర్ మేనేజరు సుధారాణిగారి గది దాకానే నిలిచింది.

"ఇప్పుడు కరెక్టుగానే ఉంది కదండీ. మంగళవారం తప్పుగా ఉందని దేన్ని చూసి నమ్మమంటారు?" అన్నారావిడ.

నా దగ్గర ఫోటో లేదు. ఎన్ని నిమిషాల తేడా ఉందో కాగితం మీద రాసుకోనూ లేదు. ఆ అమ్మాయికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా చేతులతోనే చెరిపేశాను. టైము ఒకటిన్నర.

క్యాంటీన్‌కు పోకుండా మెట్ల మీదే కూర్చుని, పాత నోట్సులో ఏముందో గుర్తు చేసుకున్నాను. గడియారాన్ని ఎవరు మార్చినా, పాత సమయం, కొత్త సమయం, మార్చిన లాగిన్ మూడూ కంప్యూటర్ తన చిట్టాలో రాసుకుంటుంది. ఆ పేజీ రాసుకున్నప్పుడు ఇది ఎవరికి పనికొస్తుందిలే అనుకున్నాను.

మళ్ళీ కిందికి వెళ్ళాను. ఆ ఉదయం నేను చేసిన మార్పు చిట్టాలో ఉంది. వెనక్కి పది నిమిషాలు, పైన కొన్ని సెకన్లు. దానంతట అది తప్పిన గడియారం అంత లెక్కగా పది నిమిషాలు తప్పదు. ఇంకా వెనక్కి జరిపితే, మూడు వారాల క్రితం సరిగ్గా పది నిమిషాలు ముందుకు జరిపిన నమోదు కనిపించింది. లాగిన్ సెక్యూరిటీ బల్లది. మధ్యలో ఇంకే మార్పూ లేదు.

సూపర్‌వైజరు యాదగిరిని పిలిచి అడిగాను. ఆయన దాచలేదు.

"నేనే పెట్టిన సార్. క్యాబుల కోసం దిగేటోళ్ళు ఈ స్క్రీనే సూస్తరు. పది నిమిషాలు ముందు పెట్టకపోతే ఒక్కలు టైముకు రారు. మా ఇంట్ల గోడ గడియారం గూడ గంతే."

ఇంతకుముందు ఎందుకు పెట్టలేదని అడిగాను.

"పెట్టిన. పెట్టినకొద్దీ మల్ల ఎనక్కి పోతుండె. ఈ నెల మంచిగ ఆగుతున్నది, మీరే రిపేర్ చేసిన్రనుకున్న."

దారి తెరిచి ఉన్నన్నాళ్ళూ టైమ్ సర్వర్ దాన్ని వెనక్కి సరిచేసేది. మేము పాడుచేసినదాన్ని ఆయన బాగుచేశామనుకున్నాడు. నెట్‌వర్క్ మార్పు పూర్తయిన రోజు చెక్‌లిస్టులో "అన్ని యంత్రాల సమయం సరిచూశాం" అన్న వరుస దగ్గర సంతకం చేసింది నేను. చూసింది సర్వర్లను మాత్రమే. గేటు యంత్రం సెక్యూరిటీ వాళ్ళదిలే అని వదిలేశాను.

"నా పేరు రాస్తరా సార్?" అని అడిగాడు యాదగిరి. ఆయనది ఏజెన్సీ ఉద్యోగం. లాగిన్ చిట్టాలోనే ఉందని, దాని పక్కన నా చెక్‌లిస్టు కూడా పెడతానని చెప్పాను.

మూడు గంటలకు చిట్టా, చెక్‌లిస్టు రెండూ బల్ల మీద పెట్టి, ముందు నా సంతకం చూపించాను. పది నిమిషాలు తీసేస్తే స్రవంతి 11:09కే బయటికి వచ్చింది. తలుపు రికార్డులో ఆమె తర్వాత 11:21కి లోపలికి వెళ్ళిన కార్డు అసలు వెళ్ళింది 11:11కి. అది మమ్మల్ని చూడటానికి వచ్చిన క్లయింటు ఇంజనీరుదే. సుధారాణిగారు అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశారు. పాత నకలు అనుకుని చెరిపానని ఆయన ఒప్పుకున్నాడు. ఫోల్డరును బ్యాకప్ నుంచి తెచ్చాం.

యాదగిరికి హెచ్చరిక లేఖ ఇచ్చి వెనక గేటుకు మార్చారు. నాకు మెమో ఇచ్చారు, ఆ ఏడాది రేటింగ్ తగ్గింది. స్రవంతి ఉద్యోగం నిలిచింది. లిఫ్టులో నాతో ఒకే మాట అంది: "ముందే ఒక ఫోటో తీసుంటే నాకు ఇంత భయం ఉండేది కాదు కదా సార్."

తప్పుగా నడుస్తున్న గడియారాన్ని సరిచేసే ముందు, అది ఎంత తప్పిందో రాసుకోవాలి. మన విభాగానిది కాని యంత్రాన్ని చూడకుండా, చూశానని సంతకం పెట్టకూడదు. అక్కడి నుంచి రిటైరయ్యేదాకా ఈ రెండూ పాటించాను.

అడిగిన నిమిషంలో దారి తెరిచిన ఇంతియాజ్‌కు, నమ్మకపోయినా మూడు గంటల దాకా ఆగిన సుధారాణిగారికి, ఫోన్ పట్టుకుని నా దగ్గరికే వచ్చిన స్రవంతికి కృతజ్ఞతలు. అబద్ధం చెప్పే వీలుండీ చెప్పని యాదగిరికి కూడా. ఆయన నిజం చెప్పకపోతే ఆ మార్పు ఎవరు చేశారో, ఎందుకు చేశారో తేల్చడానికి నాకు ఆ మధ్యాహ్నం సరిపోయేది కాదు.