ఆమె చెవిలో చెప్పిన తెలుగు

తొంభైల మొదట్లో, భిలాయిలో మా ఆయన వెళ్లే ఆఫీసర్ల క్లబ్బులో ఒక శనివారం సాయంత్రం స్పానిష్ సినిమా వేశారు. మా క్రైస్తవ సంఘంలో సినిమాలకు వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లొచ్చి చెప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ. నేను రానన్నాను.

"పాతకాలం కథేనే. అందులో చర్చి కూడా ఉందంట" అన్నారాయన.

ఆ చర్చిని సాకుగా పెట్టుకుని ఒప్పుకున్నాను.

మాతో ఇంకొకామె వచ్చింది. కోహ్కా బస్తీలో ఉండేది. ఆరాధనలో పాటలు ఎత్తేది ఆమే. శనివారాలు పాటలు నేర్చుకోవడానికి మా క్వార్టరుకు వచ్చేది. ఆమె భర్తకు నందిని గనుల్లో పని. అక్కడే ఉంటూ ఎప్పుడో గాని ఇంటికి వచ్చేవాడు కాదు. "ఒక్కర్తీ ఏం చేస్తుంది పాపం, మనతో తీసుకెళ్దాం" అన్నారు మా ఆయన. ఆ 'పాపం' నాకు నచ్చలేదు. ఆమె పాడుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవారు. నేను పాడినప్పుడు పాటల పుస్తకంలోకి చూసేవారు.

హాల్లో ఆయన మా ఇద్దరి మధ్య కూర్చున్నారు. మాటలు స్పానిష్‌లో, తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు. నాకు చదవడం వచ్చు. ఆమెకు రాదు. అందుకని ఆయన ఆమె వైపు వంగి, చెవిలో తెలుగు చెప్పడం మొదలుపెట్టారు.

అది ఆయనకు అలవాటైన పని. హిందీ బోధకులు వస్తే పక్కన నిలబడి తెలుగు చెప్పేది ఆయనే. బోధకుడి దగ్గు తప్ప అన్నీ తెలుగులోకి వచ్చేస్తాయని మేము నవ్వుకునేవాళ్లం. ఒక్క మాట కలపరు, ఒక్క మాట వదలరు. దేవుని వాక్యం పట్ల ఆ భయభక్తులు చూసే నేను పెళ్లికి ఒప్పుకున్నాను. కానీ సంఘమంతటికీ వినిపించే గొంతు వేరు, చీకట్లో ఒక్క చెవికి చెప్పే గొంతు వేరు.

కథ గుర్రపు బళ్ల కాలంనాటిది. ఒక సైనికాధికారి, అతని భార్య, వాళ్లింటికి బట్టలు కుట్టడానికి వచ్చే అమ్మాయి. భార్య నల్ల లేసు ముసుగు వేసుకుని చర్చికి వెళ్తుంది గాని, ఆమె చూపంతా భర్త వస్తాడేమోనని తలుపు మీదే.

"ఏటన్నాడన్నియ్యా?" అని అవతలి కుర్చీలోంచి వినబడేది. ఆయన వంగేవారు.

"అమ్మో! ఆవిడేటంది మరి?"

మళ్లీ వంగేవారు. ఒక్కసారైనా నా వైపు తిరగలేదు. నోరారా అన్నియ్యా అని పిలుస్తుంటే నేనేమని తప్పుపట్టగలను?

చివర్లో ఆ అధికారి మెట్ల మీద నిలబడి, ఆ కుట్టుపని అమ్మాయితో వెళ్లిపోతున్నానని, ఇక ఈ గడప తొక్కనని భార్యకు చెప్పాడు. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. మా ఆయన గొంతు ఈసారి నాకూ వినబడింది.

"యుద్ధానికి పిలుపొచ్చిందంట. నువ్వు లేకపోతే నాకు ఇల్లే లేదు, వచ్చేస్తానంటున్నాడు."

నా ఒళ్లు భగ్గుమంది. తెర మీద లేని మాట అది. అంత మెత్తని మాట ఆయన దగ్గర ఉందని కాపురం చేస్తున్న నాకే తెలియదు.

బయట రిక్షా ఎక్కుతూ ఆమె కళ్లు తుడుచుకుంది. "మంచోడే వదినా. మాటిచ్చినాడు కదా, వచ్చీస్తాడు" అంది. నేను సరేనన్నట్టు తలూపాను.

ఇంట్లో అడుగుపెట్టగానే అడిగాను. "అతనన్నది అది కాదు కదా?"

"కాదు."

"మరి?"

ఆయన బూట్లు విప్పుతూ తలెత్తలేదు. "ఆ పిల్ల మొగుడు నందినిలో ఇంకో కాపురం పెట్టీసినాడు. సంఘ పెద్దలకి మొన్ననే తెలిసింది. ఆ పిల్లకింకా తెల్దు. ఆ ముక్క నా నోటితో ఎలా చెప్పీది?"

జాలిపడాల్సిన చోటు అది. పడ్డాను కూడా. అయినా మంట చల్లారలేదు, ఇంకా లోపలికి దిగింది. ఒక్క మాట కలపని మనిషి ఆమె కోసం ఒక మాట కల్పించాడు. ఆమె బాధ ఆమెకంటే ముందు ఆయనకు తెలిసింది. పక్కనే కూర్చున్న నా బాధ తెలియలేదు.

"ఆ మాట నాకూ చెప్పండి" అన్నాను.

"ఏ మాట?"

"నువ్వు లేకపోతే ఇల్లే లేదన్న మాట."

ఆయన నవ్వేశారు. "పాగల్! నీకు ఇంగ్లీషొచ్చు కదే. నీ దగ్గర నాకు అబద్ధమెందుకు?"

అందులో నా మీద గౌరవం ఉంది, నిజమే. నాకు మాత్రం ఆ పూట అబద్ధమే కావాలనిపించింది.

భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. రోజూ నా పేరుతో మొదలుపెట్టే ఆయన ఆ రోజు ముందుగా ఆమెను ప్రభువు చేతికి అప్పగించారు. మాటలు వెతుక్కుంటూ చాలాసేపు ప్రార్థించారు. తర్వాత నా పేరు వచ్చింది, రోజూ వచ్చే మాటలతోనే. ముగించి, నేను ఆమేన్ అనడం కోసం ఆగారు.

లోపల అసూయ పెట్టుకుని ఆమేన్ అంటే ఆ ప్రార్థన పైకి వెళ్లదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. అన్నం చల్లారిపోతోంది. ఆయన కళ్లు తెరవకుండా ఎదురుచూస్తున్నారు. నేను నోరు విప్పలేదు.