చెవి పరీక్ష గదిలో విన్న దెబ్బలు

దెయ్యమనీ శకునమనీ ఇంట్లో ఎవరైనా మాట ఎత్తితే నేను లేచి అవతలికి వెళ్లిపోయేదాన్ని. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల కొలతలు సరిచూసే ఉద్యోగం నాది. గేజ్ పెట్టి చూడనిదే దేనిమీదా సంతకం చేయను. ఇదీ అలాగే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని అడగడం లేదు.

మా తమ్ముడు కిషోర్ అండమాన్‌లో ఒక చిన్న దీవిలో, స్కూబా డైవింగ్ నేర్పేచోట పనిచేస్తూ తనూ నేర్చుకునేవాడు. వచ్చినవాళ్లను నీళ్లలోకి తీసుకెళ్లే సర్టిఫికెట్ కోసం ఇంకా నాలుగు డైవ్‌లు మిగిలి ఉన్నాయి. మొన్న చలికాలంలో సెలవు పెట్టి వాణ్ని చూడ్డానికి వెళ్లాను. అప్పుడు నాకు జలుబు. ఆ సంగతి వాడికి చెప్పలేదు. చెబితే నీళ్లలోకి దింపడని తెలుసు.

సర్టిఫికెట్ ఇంకా రాకపోయినా, అక్కనని నన్ను తనే దింపాడు. దిగే ముందు రెండు విషయాలు చెప్పాడు. లోతుకు వెళ్తున్నకొద్దీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవులు సర్దుకుంటాయి, సర్దుకోకపోతే ఇంక దిగకూడదు. తన చేతిలోని ఇనప ఊచతో సిలిండర్ మీద మూడుసార్లు కొడితే వెంటనే తన వైపు చూడాలి.

నా ఎడమ చెవి సర్దుకోలేదు. ఇంతదూరం వచ్చి ఆగిపోవడమేమిటని గట్టిగా ఊదాను. లోపల ఏదో చిరిగినట్టయింది. కంగారులో, పట్టుకుని దిగుతున్న తాడు వదిలేసి కిందికి జారిపోయాను. కిషోర్ తన చెవుల సంగతి చూసుకోకుండా దూసుకొచ్చి నన్ను పట్టుకుని పైకి తెచ్చాడు.

సాయంత్రానికి వాడి చెవి దగ్గర కూడా నెత్తురు చారిక కనిపించింది.

"అమ్మకి సెప్పకప్పా. రెండ్రోజుల్లో అదే తగ్గిపోద్ది," అన్నాడు.

సరేనన్నాను.

తిరుగు విమానంలో నొప్పికి ఏడ్చేశాను. ఖరగ్‌పూర్‌లో చెవి డాక్టరు చూసి, కర్ణభేరి చిరిగిందని, వెనక నెత్తురు గడ్డకట్టిందని చెప్పాడు. చెవిలో నీళ్లు పడకూడదు, గట్టిగా ముక్కు చీదకూడదు. మళ్లీ డైవింగ్ ఎప్పుడంటే, ముందు చిరిగింది పూడాలి, చెవి సర్దుకుంటోందని పరీక్షలో తేలాలి, అప్పటిదాకా ఆ మాటే ఎత్తొద్దన్నాడు. చిరిగిన చెవిలోకి చన్నీళ్లు పోతే తల తిరిగి, నీళ్ల అడుగున పైదేదో కిందిదేదో తెలియదట.

అదంతా కిషోర్‌కి ఫోన్లో చెప్పాను. "నాలుగేనప్పా. అవి అయిపోనాక సూపించుకుంటాను," అన్నాడు. నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది. అమ్మతో చెప్పించాల్సింది. మాటిచ్చానని ఊరుకున్నాను.

మూడోవారం వినికిడి పరీక్షకు రమ్మన్నారు. అమ్మ కూడా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. ఉదయం పదకొండు దాటింది. శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. అద్దం అవతల ఒక బెంగాలీ అమ్మాయి మిషన్ నడుపుతోంది. కుడి చెవి అయిపోయి ఎడమ చెవికి వచ్చాం.

టంగ్ టంగ్ టంగ్.

బటన్ నొక్కాను. మళ్లీ మూడు. మళ్లీ నొక్కాను. ఆ అమ్మాయి తలుపు తీసి, "దీదీ, ఆమి తో ఎఖోనో సౌండ్ దీయినీ," అంది. తనింకా శబ్దమే పంపలేదట.

హెడ్‌ఫోన్లు తీసేశాను. అయినా వినిపిస్తూనే ఉంది, ఎడమ చెవిలో మాత్రమే. ఇనుము ఇనుము మీద పడే చప్పుడు. రోజూ వర్క్‌షాపులో వినే సుత్తిదెబ్బ కాదు, నీళ్లలో విన్నదే. ఎటునుంచి వస్తోందో తెలియకుండా అన్నివైపుల నుంచీ వచ్చే చప్పుడు. మూడేసి, మూడేసి. పోనుపోను తొందర ఎక్కువైంది. చివరికి రెండే పడ్డాయి. మూడోదాని కోసం ఎదురుచూశాను. రాలేదు.

"ఈసారి రెండే," అని ఆ అమ్మాయితో హిందీలో అన్నాను. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది.

బయటికొచ్చి కిషోర్‌కి ఫోన్ చేశాను. కలవలేదు. వాళ్ల సెంటర్‌కి చేస్తే, బోటులో వెళ్లాడన్నారు. ఆ బోటుకి ఎలా చెప్పాలి? ఏమని చెప్పాలి?

"ఏటే, మొకమలాగైపోనాది? డాట్టరేటన్నాడు?" అంది అమ్మ.

ఏమీ లేదన్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మధ్యలో సముద్రం. రెండు గంటలపాటు నేను చేయగలిగింది అదే నంబరు మళ్లీ మళ్లీ నొక్కడం.

తర్వాత వాళ్లే చేశారు. కిషోర్ బతికే ఉన్నాడు. తోటివాళ్లు ఆలస్యంగా చూసి పైకి తెచ్చారట, పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు.

రెండు రోజులకు వాడు మాట్లాడగలిగాడు. నేను విన్నదాని గురించి అప్పటికి వాడికి ఒక్క ముక్క చెప్పలేదు.

"సెవి పగిలిపోనాదప్పా. తల గిర్రున తిరిగిపోనాది. ఓ సేత్తో రాయట్టుకుని, ఊసతో సిలిండర్ కొట్టినాను, మూడేసి మూడేసి. ఎవులూ సూడ్నేదు. ఆకర్ని రెండే కొట్టినాను. ఊస సెయ్యి జారిపోనాది."

ఎన్నింటికి అని అడిగాను. పదకొండు దాటాక దిగారట.

డాక్టరును అడిగితే, దెబ్బతిన్న చెవిలో చప్పుళ్లు పుట్టడం మామూలే అన్నాడు. కావచ్చు. చప్పుడు పుట్టడం వరకు నాకూ అర్థమవుతుంది. చివర్న రెండు ఎందుకు పడ్డాయో అర్థం కాదు. పరీక్ష చేసిన అమ్మాయిని కలిసి అడిగాను. నేను అన్నమాట ఆమెకు గుర్తుంది. నేను కల్పించుకున్నది కాదు.

నా చెవి పూడింది. ఇక కావాలంటే డైవింగ్‌కి వెళ్లొచ్చన్నాడు డాక్టరు. కిషోర్‌కి లోపలి చెవి పోయింది, దాంతోపాటు ఒంటి నిలకడ కూడా. ఇంక ఎప్పటికీ నీళ్లలోకి దిగకూడదు. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

అమ్మకు అన్నీ చెప్పేశాను, ముందు దాచిందీ, తర్వాత విన్నదీ. తిడుతుందనుకున్నాను. ఒకటే అడిగింది.

"పక్కనున్నోలకి ఇనిపించకుండా, ఇంత దూరాన ఏటీ సెయ్యలేనిదానివి, నీకెందుకినిపించిందే?"