పెద్దమ్మ మోసిన పేరు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు పడవ మీద వచ్చింది. ఆ పొద్దున నేను రాజమహేంద్రవరంలో మా ఇంటి వసారాలో కూర్చుని కందులు చెరుగుతున్నాను. మా ఊరి పడవ సరంగు గుమ్మం ముందు నిలబడి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "మీ పెద్దమ్మగారు పోయారండి" అన్నాడు.

"ఏ ఊరు పోయారు?" అని అడిగాను.

అతను తల వంచుకున్నాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

ఎలా అర్థమవుతుంది? మొన్న మొన్ననే నీటి వంతు కోసం కాలువ నీళ్ళు వదిలే లస్కరుతో జనం పోగయ్యేలా తగువు పెట్టుకున్న మనిషి. పొద్దున్నే నారుమడి చూసి వచ్చి, "కాస్త ఆయాసంగా ఉందమ్మాయ్" అని అరుగు మీద కూర్చుందట. మా వదిన మంచినీళ్ళు తెచ్చేలోగా అయిపోయిందట.

నన్ను కని మా అమ్మ కన్నుమూస్తే పెంచింది పెద్దమ్మే. తణుకుకు ఆమడ దూరంలో, కాలువ ఒడ్డున వాళ్ళ ఊరు. మాట పడే మనిషి కాదు. కరణంగారైనా సరే, కొలత తప్పు చెబితే అక్కడికక్కడే నిలదీసేది. వంకాయ మొక్కలతో కూడా పేచీ పెట్టుకునేది, "నీళ్ళు తాగడం తెలుసు గాని కాయడం తెలీదే మీకు?" అని. ఊరగాయ ఉప్పు చూడాలంటే అరచేతిలో కాదు, చేతి వెనక వేసుకుని నాకేది. ఎందుకని అడిగితే, "అరచెయ్యి అన్నీ పట్టుకుంటుందే, దానికి రుచి తెలీదు" అనేది. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అటువంటి మనిషికి చివరి ఏళ్ళలో ఒక చెడ్డపేరు వచ్చింది. నల్లమందు తింటుందని.

ఆ కబురు చుట్టాల ద్వారా నాకు చేరినప్పుడు నేను నమ్మలేదు. తరవాత ఊరు వెళ్ళి అడిగాను. "ఈ వయసులో ఈ అలవాటేంటి పెద్దమ్మా?" అంటే, "ఏదోలే, ఒంటి నొప్పులు" అని దొడ్లోకి వెళ్ళిపోయింది. ఎవరికైనా ఎదురు చెప్పే మనిషి అలా తప్పుకుని వెళ్ళేసరికి నిజమేననుకున్నాను. మా అన్నయ్య, అంటే ఆవిడ కొడుకు, ఆ పరువు తక్కువ భరించలేక తల్లితో మాటలు మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, "మీ అత్తగారిని భోజనానికి లెమ్మను" అని భార్య చేత చెప్పించేవాడు. పెద్దమ్మ లేచి వచ్చి, విస్తరి ముందు కూర్చుని, మామూలుగానే తినేది.

నేను వెళ్ళేసరికి దహనం అయిపోయింది. పదోరోజు ఇంటినిండా చుట్టాలు. మగవాళ్ళు వీధి అరుగు మీద, ఆడవాళ్ళం వెనక వసారాలో కూర్చున్నాం. ఎవరో పెద్దావిడ నిట్టూర్చి, "మంచి మనిషే పాపం. ఆ నల్లమందు ఒక్కటీ లేకపోతే ఇంకా కొన్నాళ్ళు బతికేది" అంది.

విస్తళ్ళు తుడుస్తున్న మా వదిన చేతిలో గుడ్డ కింద పెట్టింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"ఆవిడ ఒక్క మాత్ర నోట్లో వేసుకోలేదండి" అంది. "తిన్నది నేను."

ఆ పెద్దావిడ గబుక్కున వదిన వైపు తిరిగింది.

వదిన ఎవరి వంకా చూడకుండా చెప్పుకుపోయింది. మొదటి కాన్పు పోయాక ఆమెకు కడుపులో నొప్పి, జ్వరం పట్టుకున్నాయి. కూరగాయలమ్మే మనిషి ఒకామె జాలిపడి నల్లమందు మాత్ర ఇచ్చింది. నొప్పి తగ్గింది. తరవాత నొప్పి లేని రోజున కూడా అది లేకపోతే ఒళ్ళు వణికేది. రెండో బిడ్డ చిటికెన వేలంత మనిషిగా పుట్టి, వణుకుతూ, ఏడ్చి ఏడ్చి పోయింది. దిష్టి అన్నారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, చీర కొంగు ముడిలో మాత్రలు పెద్దమ్మ కంట పడ్డాయి.

"తీసి కాలువలో పారేశారు. నన్ను ఇష్టం వచ్చినట్టు తిట్టారు" అంది వదిన. "మర్నాటికి నాకు వాంతులు, చెమటలు. పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. బిడ్డ జారిపోతుందేమోనని ఆవిడే భయపడ్డారు. పెనుగొండ అమ్మవారికి మొక్కుందని ఇంట్లో చెప్పి, పడవెక్కించి మిషను ఆసుపత్రి డాక్టరు దొరసానిగారి దగ్గరికి తీసుకెళ్ళారు."

దొరసాని తిట్టలేదట. ఒక్కసారిగా మానిపిస్తే బిడ్డకే ప్రమాదమనీ, రోజూ కొలిచి ఇస్తూ, కొంచెం కొంచెంగా తగ్గించాలనీ, మనిషిని మాత్రం ఒంటరిగా వదలొద్దనీ చెప్పిందట.

"తిరుగు పడవలో అత్తగారు నా చెయ్యి పట్టుకుని, 'తిట్టడం నాదే పొరపాటమ్మాయ్. తుంగను పైపైన కోస్తే మళ్ళీ మొలుస్తుంది. నీళ్ళు పెట్టి, నెమ్మదిగా గడ్డతో సహా తియ్యాలి' అన్నారు."

దొరసాని చెప్పిన కొలత తప్పకూడదంటే మందు సర్కారు లైసెన్సు కొట్లోనే కొనాలి. ఆ కొట్టు సంత వీధి మధ్యలో ఉంది. మా ఊరివాళ్ళు నలుగురు ఎప్పుడూ అక్కడే ఉంటారు. "ఎవరికండీ?" అని కొట్టువాడు అడిగితే, పెద్దమ్మ అందరికీ వినపడేలా, "నాకే, ఎవరికైతే నీకెందుకు?" అందట.

ఆ గొంతు నాకు తెలుసు. ఆ విసురు నాకు తెలుసు. ఈ మాట ఆవిడ అని ఉంటుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"నేను వద్దన్నానండి" అంది వదిన. "మీకు చెడ్డపేరు వస్తుందంటే, 'ఊళ్ళో మాట గాలికి పోతుందే. నీ కడుపులో పడ్డది బిడ్డ ఒంట్లోకి పోతుంది' అన్నారు. ప్రసవం అయ్యాక కూడా నాకు మనసు లాగేది. అప్పుడు ఇంకా కష్టం. లాగినప్పుడల్లా పిలవమన్నారు. పిలిస్తే, చేస్తున్న పని వదిలి వచ్చి పక్కన కూర్చునేవారు. ఏమీ అనేవారు కాదు. ఇద్దరం చింతపండు పిక్కలు తీసేవాళ్ళం. ఒకసారి దాచుకుని మళ్ళీ తిన్నాను కూడా. కనిపెట్టి, 'సరే, రేపట్నించి మళ్ళీ మొదలెడదాం' అన్నారు, అంతే."

ఆ మూడో బిడ్డ మా మేనకోడలు. పుట్టినప్పుడు దానికీ వణుకు ఉండేదట. అది తగ్గేదాకా వదినా, పెద్దమ్మా వంతులు వేసుకుని గుండెకు హత్తుకునే ఉన్నారట. ఈ మాటలు జరుగుతున్నప్పుడు ఆ పిల్ల దొడ్లో తోటి పిల్లలతో గచ్చకాయలాడుతోంది.

మా అన్నయ్య ఎప్పుడు లోపలికి వచ్చాడో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మ నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాడు.

"చెబితే నన్ను ఇంట్లో ఉంచేవారా?" అంది వదిన.

రెండో బిడ్డ పోయినప్పుడే అన్నయ్యకు మరో సంబంధం చూస్తున్నారని మా అందరికీ తెలుసు. అతను గుమ్మంలోనే కూలబడి, పంచె చెంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పరువు పోయిందని తల్లితో మాట్లాడని ఆ మనిషిని ఓదార్చడానికి ఎవరూ లేవలేదు. వదినే లేచి వెళ్ళి పక్కన నిలబడింది.

అందరికీ ఎదురు చెప్పిన మనిషి, కన్నకొడుకు ముఖం తిప్పుకుంటే ఎలా ఊరుకుంది? నాకింకా నమ్మశక్యం కావడం లేదు. నా ప్రశ్నకు కూడా నిజం చెప్పకుండా దొడ్లోకి వెళ్ళిపోయింది కదా, అక్కడ ఏం చేసి ఉంటుంది? ఏడ్చిందా? వంకాయ మొక్కల్ని తిట్టిందా? అడుగుదామంటే లేదు. పెద్దమ్మా, నీకు దండం పెట్టడం తప్ప నాకు మరేమీ తోచడం లేదు.

వదిన చెప్పిన మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాడు పొద్దెక్కాక, ఆమే, నేనూ వీధి వసారాలో కూర్చుని ఉండగా, బెస్తవాడ పిల్ల ఒకతె గంప నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నిండు నెలలు. ఇది మనిషి పోయిన ఇల్లు, ఈ రోజుల్లో చేపలు కొనరని ఆమెకు తెలియకపోదు.

"ఏం కావాలమ్మా?" అని అడిగాను. ఆమె నా వంక చూడలేదు. వదిన వంకే చూస్తోంది. చీర కొంగు ముడిని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

వదిన లేచి వెళ్ళి, రెండు చేతులతో ఆమె తలమీది గంప దించింది. గంపలో ఒక్క చేప కూడా లేదు.