పసుపు జెర్సీ, నీలం జెర్సీ

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక డిసెంబరులో, పెర్త్‌లో జరిగిన ఇండియా-ఆస్ట్రేలియా వన్డే మ్యాచ్‌కి నన్ను టన్నెల్ సూపర్‌వైజరుగా వేశారు. టన్నెల్ అంటే ఆటగాళ్ళు డ్రెస్సింగ్ రూముల నుంచి మైదానంలోకి నడిచే దారి. మైదానం పేరు రాయను. తప్పు నాది, దానిది కాదు.

మ్యాచ్ రోజున గేట్ల దగ్గరా స్టాండుల్లోనూ జనాన్ని చూసుకునేవాళ్ళు స్టూవర్డులు. వాళ్ళమీద నాలాంటి సూపర్‌వైజర్లు, మా అందరిమీదా ఆపరేషన్స్ మేనేజరు. నేను స్టూవర్డుగా చేరిన కొత్తలో ఇండియా మ్యాచ్ ఎప్పుడు జరిగినా నన్ను డప్పులు మోగే స్టాండులోనే వేసేవారు. అప్పటి సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. మీవాళ్ళ మధ్య నీకు సరదాగా ఉంటుందనేవాడు. సరదాగానే ఉండేది కూడా. కానీ టన్నెల్ డ్యూటీ చేసినవాళ్ళకే ప్రమోషన్లు వచ్చేవి. మూడు వేసవులు ఓపిక పట్టి, "ముఖం చూసి డ్యూటీ వేస్తున్నారు" అని ఫిర్యాదు రాసిచ్చాను. తరువాతి మ్యాచ్‌కే టన్నెల్ ఇచ్చారు. ఆ వాక్యమంటే నాకు మహా గర్వం. నేను సూపర్‌వైజరునయ్యాక కొత్తవాళ్ళ శిక్షణలో దాన్ని చెప్పకుండా వదిలిపెట్టేవాణ్ణి కాదు.

ఇక ఆ రోజు సంగతి. జాతీయ గీతాలకు ముందు ఒక్కో ఆటగాడి చెయ్యి పట్టుకుని ఒక్కో చిన్నపిల్లో పిల్లాడో మైదానంలోకి నడుస్తారు. వీళ్ళని ఎస్కార్ట్ పిల్లలంటాం. జట్టుకి పదకొండు మంది చొప్పున ఇరవై రెండు మంది. ఏ జట్టుతో నడవాలనుందో పిల్లలే దరఖాస్తులో రాస్తారు, దాన్నిబట్టి జాబితా తయారవుతుంది. పిల్లలందరూ తెల్ల టీషర్టుల్లో వస్తారు. జాబితా చదివి, టీషర్టు మీద తొడుక్కోవడానికి ఆస్ట్రేలియా పసుపు జెర్సీయో ఇండియా నీలం జెర్సీయో ఇచ్చి, రెండు వరుసలు కట్టించడం సూపర్‌వైజరు పని.

జాబితా ఉన్న టాబ్లెట్ ఛార్జింగ్ అయిపోయి పక్కగదిలో తీగకి వేలాడుతోంది. వెళ్ళి చూసి రావడానికి రెండు నిమిషాలు పట్టేది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, నాకు జాబితా ఎందుకనుకున్నాను. పిల్లల్ని ఒకసారి తేరిపార చూశాను. మన రంగువాళ్ళు పదకొండు మంది, మిగతావాళ్ళు పదకొండు మంది. లెక్క అంత చక్కగా కుదిరాక ఇక అనుమానం ఎందుకొస్తుంది?

నీలం జెర్సీ ఇవ్వబోతే పదేళ్ళ పిల్ల ఒకతి చెయ్యి చాపలేదు. పేరు రుఖియా. వాళ్ళది కర్నూలు, ఇప్పుడు పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో ఉంటున్నారు. "అంకుల్, ఐ యామ్ విత్ ఆస్ట్రేలియా" అంది, మెల్లిగా.

నేను నవ్వాను. "ఇక్కడ అందరం ఆస్ట్రేలియానేలే తల్లీ. ఇవాళ మాత్రం మనవాళ్ళతో నడువు" అన్నాను. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్పినట్టున్నారు, తీసుకుని తొడుక్కుంది. పసుపు వరుసలో ముఖం నిండా మచ్చలున్న ఛార్లెట్ అనే పొడుగుపిల్ల కూడా తన జెర్సీని అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత తొడుక్కుంది.

పిల్లల తలిదండ్రులు టన్నెల్ పక్కన తాడు అవతల నిలబడి ఫోటోలు తీసుకోవచ్చు. వరుసలు అక్కడికి చేరేసరికి ఒక పెద్దమనిషి తాడు మీదికి వంగాడు. తలకి నీలం టోపీ, ఒంటికి ఇండియా జెర్సీ, బుగ్గమీద మూడు రంగులు. రుఖియా తండ్రి ఇలియాస్, కిరాణా కొట్టు నడుపుతాడు. కూతుర్ని తనలాగే నీలంలో చూసి మురిసిపోతాడనుకున్నాను. ఆయన ముఖం వాడిపోయింది.

"సార్, మా పాపది ఆస్ట్రేలియా గదా. ఈ రంగు ఎవరిచ్చినారు?"

నేనే ఇచ్చానన్నాను. మీకు ఇదే నచ్చుతుందనుకున్నానని ఒక ముక్క కూడా తగిలించాను.

"నాకు నచ్చేదానికేముంది సార్. నేను కర్నూల్లో పుట్టినోన్ని, నాది ఇండియా. అది ఈడ పుట్టింది. నువ్వు ఇండియాతోనే నడుస్తావులే అని క్లాసులో పిల్లోల్లు ఏడిపిస్తే, కాదు, చూడండి, ఆస్ట్రేలియాతో నడుస్తానని అందరికీ చెప్పి వచ్చింది. వాళ్ళంతా టీవీ ముందర కూర్చోనుంటారు."

రుఖియా తల దించుకుని ఉంది. టాబ్లెట్ తెమ్మని కేకేశాను.

మా స్టూవర్డు లీనా పరుగున వెళ్ళి టాబ్లెట్ తెచ్చింది. రుఖియా పేరు ఆస్ట్రేలియా జాబితాలో ఉంది. ఛార్లెట్ పేరు ఇండియా జాబితాలో. ఎందుకు చెప్పలేదమ్మా అని ఛార్లెట్‌ని అడిగితే, మీరు అంత ధీమాగా ఇచ్చేశారు కదా అంది. ఆ పిల్లకి క్రికెట్ నేర్పింది పక్కింటి తెలుగు ఆంటీ అట. పులిహోర కూడా ఆవిడే అలవాటు చేసిందట.

అప్పుడే రేడియోలో మేనేజరు ట్రెవర్ గొంతు వినిపించింది. ఇంకా నాలుగు నిమిషాలన్నాడు. మా పనిలో రన్ షీట్ అని ఒకటుంటుంది, ఏ నిమిషానికి ఏం జరగాలో రాసిన పట్టిక. టీవీ ప్రసారం దాని ప్రకారమే నడుస్తుంది కాబట్టి ఎవరికోసమూ ఆగదు. లీనా పిల్లలిద్దర్నీ పక్కకి తీసుకెళ్ళి జెర్సీలు మార్పించింది. పొడుగుపిల్లకి కొలత చూసి ఇచ్చిన పసుపు జెర్సీ రుఖియాకి మోకాళ్ళదాకా వచ్చింది. నీలం జెర్సీలోంచి ఛార్లెట్ చేతులు మోచేతుల పైనుంచే బయటికొచ్చాయి. ఇంతలో ఆటగాళ్ళు వెనక నిలబడ్డారు. నేను మిగతా ఇరవై మంది పేర్లు గబగబా చదివి చూసుకున్నాను. అదృష్టం, అవి సరిపోయాయి.

ట్రెవర్ గో అన్నాడు. రుఖియా ఒక చేత్తో ఆటగాడి చెయ్యి, ఇంకో చేత్తో జెర్సీ అంచు పట్టుకుని వెలుతురులోకి నడిచింది. మొదట ఇండియా గీతం. ఛార్లెట్ ఒక్క మాట కూడా తప్పకుండా పాడింది. పక్కనున్న ఆటగాడు వంగి ఆ పిల్లని చూసి నవ్వాడు. తరువాత ఆస్ట్రేలియా గీతం. రుఖియా గడ్డం పైకెత్తి పాడింది. తాడు దగ్గర ఇలియాస్ నీలం టోపీ తీసి గుండెకి ఆనించుకుని రెండూ పాడాడు, రెండూ శ్రుతి తప్పే. నాకు కళ్ళు చెమర్చాయి. డ్యూటీలో ఉన్నాను కాబట్టి మైదానం వైపు తిరిగి నిలబడ్డాను.

లంచ్ విరామంలో ట్రెవర్‌కి జరిగింది చెప్పాను. అంతా సవ్యంగానే అయింది కదా, వదిలెయ్ మేట్, రిపోర్టు ఎందుకన్నాడు. పైగా నువ్వూ ఇండియా వాడివే, దీన్ని ఎవరూ తప్పుగా అనుకోరన్నాడు. ఆ మాటతో రాయక తప్పదని తేలిపోయింది. ఇదే పని అతను చేసి ఉంటే నేను ఊరుకునేవాణ్ణా? చెప్పేవి శ్రీరంగనీతులు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

సంఘటన రిపోర్టులో నాలుగు గడులుంటాయి: ఏం జరిగింది, ఎవరివల్ల, కారణం, ఇకముందు ఏం చెయ్యాలి. మొదటిది క్లుప్తంగా నింపాను. రెండోదానిలో నా పేరు రాశాను. నాలుగోదానిలో జాబితా చదివాకే జెర్సీ ఇవ్వాలని, ఇచ్చేముందు ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ నువ్వు ఎవరితో అని అడగాలని రాశాను. ఆ నియమం అక్కడ ఇప్పటికీ ఉంది.

మూడో గడికి కొత్తగా ఆలోచించాల్సిన పని పడలేదు. నా పాత ఫిర్యాదులోని వాక్యమే రాసి, 'డ్యూటీ వేస్తున్నారు' అన్నచోట 'జెర్సీ ఇచ్చాను' అని మార్చి, కింద సంతకం పెట్టాను.