రంగూన్ మేడ వీధిపోటు

"...మరి సేపకి సేప వాసన కాక సంపెంగి వాసనొత్తాదేటి బాబూ?"

"వాసన మాట తరవాత. ఇది చారిత్రక కట్టడం. నువ్వు వీపు ఆనించిన ఆ స్తంభం బర్మా టేకు."

"టేకైతే నాకేటి, తుమ్మైతే నాకేటి. దానికి నాను సేపలు ఏలాడగట్నేదు కదా."

"కట్టలేదు. ఆనుకుని కూర్చున్నావు."

"మాయత్తా ఆనుకునే కూకునీది. స్తంభం ఒరగనేదు. మాయత్తే ఒరిగిపోనాది."

నీలకంఠం గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయన చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్. నగర వారసత్వ పరిరక్షణ సమితికి కార్యదర్శి. ఉద్యోగం చేసినన్నాళ్లూ క్లాసులో ఎదురు ప్రశ్న వినలేదు. అరుగు మీద ఎండు నెత్తళ్ల బుట్ట ముందు కూర్చున్న కాసులమ్మకు బేరం తప్ప వేరే సంభాషణ అలవాటు లేదు. అందుచేత వాళ్లిద్దరి మధ్య చర్చ ఎప్పుడూ ఇలాగే ఆగేది.

రంగూన్ మేడను కట్టినాయన రంగూన్‌లో కలప వ్యాపారం చేశాడట. అంతకుమించి ఆయన గురించి ఎవరికీ తెలియదు. మునిమనవలకి మేడ ఖరీదు తెలుసు, అది చాలనుకున్నారు. ఫిషింగ్ హార్బర్ నుంచి ఎక్కి వచ్చే రోడ్డు సరాసరి ఆ మేడ ముఖానికే తగిలి, అక్కడ రెండుగా చీలి అటొకటి ఇటొకటి పోతుంది. సముద్రపు గాలికీ అదే దారి. మధ్యాహ్నం దాటితే రేవు వాసనంతా ఆ రోడ్డు పట్టుకుని వచ్చి మేడ ఆర్చీల్లోంచి లోపలికి వెళ్లేది. మేడ గల వాళ్లు ఆ ఊరే వదిలి వెళ్లిపోవడానికి అదీ ఒక కారణం అంటారు.

కాసులమ్మ ఎల్లాజీని పెళ్లాడి వచ్చిన కొత్తలోనే అత్త వెనకాల బుట్ట మోసుకుంటూ ఆ అరుగెక్కింది. అత్త పోయాక అరుగు తనదైంది. అద్దె ఎవరూ అడగలేదు, అనుమతి తను అడగలేదు. గాజువాక బస్సు అక్కడ ఆగేది. కండక్టరు "రంగూన్ మేడ దిగాల" అని కేకేస్తే, దిగిన ఆడవాళ్లు ముందు మేడ వైపు చూసేవారు. మేడ కోసం కాదు. ఉక్కునగరం నుంచి కూడా, షిఫ్టు దిగిన మొగుళ్లని పంపించి, కాసులమ్మ దగ్గరి ఎండు రొయ్యలే తెమ్మనే ఇల్లాళ్లు ఉండేవారు. ఎల్లాజీ ఒకరి బోటు మీద కూలికి వెళ్లేవాడు. వెళ్లని రోజుల్లో అరుగు చివర కూర్చుని భార్య బేరాలకు తల ఊపేవాడు.

రెండువేల నాలుగులో మునిమనవలు మేడని కృష్ణంరాజు అనే బిల్డరుకు అమ్మేశారు. వారసులు అమ్మేశాక మిగిలేదాన్ని వారసత్వం అంటారని కాసులమ్మకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే మర్నాడే సమితి వాళ్లు బ్యానరు కట్టారు. కృష్ణంరాజు కూడా ఒక బోర్డు పెట్టించాడు. దాని మీద 'రంగూన్ హైట్స్' అనే పన్నెండంతస్తుల బొమ్మ, చుట్టూ చెట్లు, చెట్ల కింద తెల్లటి మనుషులు. బస్సు లేదు, ఆటో లేదు, కాసులమ్మ లేదు.

సమితికీ బిల్డరుకూ మధ్య చాలా సమావేశాలు జరిగాయి. మేడ ఎప్పటిదన్న విషయంలో కుదరలేదు. ఎవరిదన్న విషయంలో కుదరలేదు. ఉంచాలా కూల్చాలా అన్నదాంట్లో అసలే కుదరలేదు. ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఒక్క అంశం మీద. ముందు ఆ చేపల బుట్ట లేవాలి.

"మార్కెట్లో కూకుందూలే, ఓలే. అందరూ అక్కడే కదా కూకున్నారు" అన్నాడు ఎల్లాజీ.

"అందరూ కూకున్నారనే నాను కూకోను. అక్కడ నాను సేపలమ్ముకున్న ముసిల్దాన్ని. ఇక్కడ రంగూన్ మేడ కాసులమ్మని. నీకు తెల్దా మావా?"

ఎల్లాజీ అలవాటుగా తల ఊపాడు.

కృష్ణంరాజుకు ఇంకో చిక్కు వచ్చింది. ఫ్లాట్లు కదలడం లేదు. కొనడానికి వచ్చేవాళ్లలో సగం మంది ఉక్కు తయారుచేసి రిటైరైన ఆఫీసర్లు. పిల్లర్లలో ఏ ఇనుము వేస్తారని వాళ్లలో ఒక్కరూ అడగలేదు. రోడ్డు ఎటు నుంచి వచ్చి తగులుతోందని ప్రతి ఒక్కరూ అడిగారు. కృష్ణంరాజు సిద్ధాంతి గారిని పిలిపించాడు. సిద్ధాంతి గారు దిక్సూచి తీయకుండానే చెప్పారు.

"ఇది వీధిపోటండీ. రోడ్డు బాణంలా వచ్చి గుమ్మంలో గుచ్చుకుంటోంది."

"కొనకముందు చెప్పాల్సిన మాట కదండీ."

"కొనకముందు పిలవలేదు కదా తమరు."

"వినాయకుణ్ణి పెడితే?"

"మామూలు ఇంటికైతే సరిపోతాడు. పన్నెండంతస్తులకి ఆయనొక్కడూ చాలడు." సిద్ధాంతి గారు మేడ వైపు తలెత్తి చూశారు. "పోటు మొదట దేనికి తగిలితే దానితో సరి. ఈ పాతది ముందు అడ్డంగా ఉండనిస్తే, వెనక మీరు ఎంత ఎత్తు లేపినా దోషం లేదు. అయితే ఇన్నాళ్లూ పోటు నిజంగా దీనికే తగిలిందా అన్నది తేలాలి. తగలకపోతే దీన్ని ఉంచీ లాభం లేదు."

సమితి తరఫున వచ్చి పక్కనే నిలబడ్డ నీలకంఠం గారు జీవితంలో మొదటిసారి వాస్తు శాస్త్రాన్ని శ్రద్ధగా విన్నారు.

ఈ మాటలన్నీ అరుగుకు రెండడుగుల దూరంలో జరిగాయి. ఎండుచేపలు అమ్మేవాళ్లకు చెవులుండవని ఆ ముగ్గురి నమ్మకం. పోటు తగిలిందంటే మేడ నిలుస్తుంది, తగల్లేదంటే తన అరుగుతో సహా కూలుతుంది. అంతవరకు కాసులమ్మకు అర్థమైంది.

సిద్ధాంతి గారు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని వంగారు. "అమ్మా, నువ్వు ఇక్కడ కూర్చున్నాక మీ ఇంట్లో కష్టాలేమైనా వచ్చాయా?"

నిన్నటి వరకు ఆ మాట ఎవరడిగినా కాసులమ్మ "బాగానే ఉన్నాం" అనేది. అలా అనకపోతే జనం చేపల మీద కూడా అనుమానపడతారు.

"కష్టాలేటి బాబూ, ఏటని సెప్పమంతారు. నాను అరుగెక్కిన ఏడే మా మావ బోటు పోనాది." నిజమే. ఆ ఏడు వచ్చిన తుఫానుకు వీధిపోటు లేని వాళ్ల బోట్లూ పోయాయి. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. "మాయత్త ఈ స్తంభం కాడే పడిపోనాది. ఇల్లు రెండుసార్లు కాలిపోనాది." ఒకసారే కాలింది. "మా పెద్ద గుంటడు పుట్టిన వారానికే..."

ఆ మాట చెప్పాలని ఆమె అనుకోలేదు. బుట్టలో నెత్తళ్లను చేత్తో ఒకసారి అటూ ఇటూ తిప్పింది. ఎల్లాజీ తల ఊపడం మానేశాడు.

"మా మావకి మోకాళ్లు నొప్పి" అని మళ్లీ అందుకుంది. "కోడలు కూరలో ఉప్పెయ్యడం మరిసిపోతాది. అదీ ఈ పోటే అంతాను నాను."

"కోడలిది ఏ నక్షత్రం?" అన్నారు సిద్ధాంతి గారు గంభీరంగా.

ఆ సాయంత్రానికి కృష్ణంరాజుకు వారసత్వం మీద ప్రేమ పుట్టింది. పాత కట్టడాలంటే తమ తాతగారికీ ప్రాణమని పత్రికల వాళ్లకు చెప్పాడు. మేడ ముందు గోడ, ఆర్చీలు, స్తంభాలు, అరుగు ఉంచి మిగిలిందంతా కూల్చారు. టేకు మెట్లు భద్రపరచడం కోసం కృష్ణంరాజు గెస్ట్‌హౌస్‌కు వెళ్లాయి. సమితి దీన్ని చారిత్రక విజయంగా ప్రకటించి నీలకంఠం గారికి శాలువా కప్పింది. వెనక ఆకాశం కనపడే ఆ గోడ ముందు కాసులమ్మ ఎప్పటిలాగే బుట్ట దించుకుంది.

పునాది పడ్డ వారానికి ముగ్గురూ కలిసి అరుగు దగ్గరికి వచ్చారు.

"నిన్ను లేపడం లేదు" అన్నాడు కృష్ణంరాజు. "ముందు భాగం ఖాళీగా ఉంటే పోటు వెనక్కి పోతుందంటున్నారు సిద్ధాంతి గారు. షాపు పెట్టమంటే వీధిపోటని ఎవడూ రావడం లేదు. నీకు అలవాటే కాబట్టి నువ్వే ఉండు. నెల జీతం ఇస్తాను. బుట్ట మాత్రం తేవొద్దు."

"బుట్ట నేకండా నానేటి సెయ్యాల?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. కూర్చో."

"కూకుంటే?"

కృష్ణంరాజు సిద్ధాంతి గారి వైపు చూశాడు. సిద్ధాంతి గారు దగ్గారు.

"నువ్విప్పుడు వారసత్వంలో భాగమమ్మా" అని నీలకంఠం గారు అందుకున్నారు. "చీర మేమే ఇప్పిస్తాం. పాతకాలపు నేత."

మధ్యాహ్నం దాటింది. రేవు వైపు నుంచి గాలి లేచి, రోడ్డు వెంట వచ్చి, ఆర్చీల్లోంచి దూరి వెనక పునాదుల మీదుగా పోయింది. కాసులమ్మ నెత్తళ్ల మీద గుడ్డ కప్పి, బుట్ట ఎత్తమని ఎల్లాజీకి సైగ చేసింది.

"సిద్దాంతి బాబూ, ఈ పోటు ఎటునుంచొత్తాదన్నారు?"

ఆయన ఎదురుగా, హార్బర్ రోడ్డు మేడ ముందుకొచ్చే చోట, బస్సు ఆగే స్థలం చూపించారు.

"అయితే రేపట్నుంచి నాను బుట్టట్టుకుని అక్కడ కూకుంటాను" అంది కాసులమ్మ.